పోలనామాత్యుని పరీక్ష

అనగనగనగా, సముద్రం ఇప్పటికన్నా కాస్త దూరంగానూ, రాజులు ఇప్పటికన్నా కాస్త దగ్గరగానూ ఉన్న రోజుల్లో, మేఘవరం అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో పదవులు పొలాల్లాగే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. కోటకాపరి కొడుకు కోటకాపరి. ఏనుగులశాల అధికారి కొడుకు ఏనుగులశాల అధికారి. వాడికి ఏనుగు భాష తెలిసినా సరే, ఏనుగును చూస్తే కాళ్ళు వణికినా సరే. ఈ అధికారులందరూ కోట ముందున్న రాజవీధిలో కాపురముండేవారు. ఆ వీధిలో పుడితే చాలు, పదవి పుట్టినట్టే.

రాజుగారి పేరు జయసేనుడు. మంచివాడు. మరీ మంచివాడు కావడం వల్ల పాత పద్ధతి మార్చడానికి మొహమాటపడేవాడు.

ఒక వానాకాలం నీలవేణి నదికి వరద వచ్చింది. కరకట్ట అధికారి తూము తలుపులు వేయించలేదు. కట్ట తెగింది. ఊళ్ళు మునిగాయి, పశువులు కొట్టుకుపోయాయి. రాజు అతన్ని పిలిపించి, "తలుపులు ఎందుకు వేయించలేదు?" అని అడిగాడు.

"మహాప్రభూ, ఆ మర ఎటు తిప్పితే తలుపు మూసుకుంటుందో మా తాతగారికి తెలుసు. నాకు చెప్పకుండానే పోయారు" అన్నాడు అధికారి.

ఆ గందరగోళంలో ఒక్కడు మాత్రం నిలబడి పనిచేశాడు. అతని పేరు పోలన. కోటలో చిన్న లేఖకుడు. ఎవరూ చెప్పకుండానే జాలరుల పడవలు కూడగట్టి, చెట్లెక్కి కూర్చున్న జనాన్ని దింపించి ఒడ్డుకు చేర్చాడు. రాజుగారికి ఆ సంగతి తెలిసింది.

"నీది రాజవీధేనా?" అని అడిగాడు రాజు.

"కాదు మహారాజా. సముద్రపు ఒడ్డున ఉప్పుమడుల్లో పుట్టాను."

"నీకు ఇంత తెలివి ఉంటే ఇన్నాళ్ళూ లేఖకుడిగా ఎందుకున్నావు?"

"పై పదవులకు నాకు తగిన తండ్రి లేడు మహారాజా" అన్నాడు పోలన.

రాజు సిగ్గుపడ్డాడు. పోలనను మంత్రిని చేశాడు. అప్పటినుంచి లేఖకుడు పోలన పోలనామాత్యుడయ్యాడు.

పోలనకు తన కథ అంటే ఇష్టం. కొలువులో కాస్త సందు దొరికితే చెప్పేవాడు. "ఉప్పుమడిలో పుట్టాను. పొయ్యి వెలుగులో చదివాను. కాలినడకన రాజధానికి వచ్చాను. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తెలివీ శ్రమా ఉంటే ఎవరైనా పైకి రావచ్చు." చెప్పిన ప్రతిసారీ ఆ కథ అతనికి ఇంకాస్త నిజంగా తోచేది.

మంత్రి కాగానే అతను చేసిన మొదటి పని, పదవులన్నిటికీ పరీక్ష పెట్టడం. "పుట్టుక చూడం. ప్రతిభ చూస్తాం. రాజ్యంలో ఎవరైనా రావచ్చు" అని దండోరా వేయించాడు.

పరీక్షలో మూడు భాగాలు. ఒకటి చదువు, రెండు లెక్క, మూడు తీర్పు. తాటాకు మీద పేరు రాయకూడదు, ఏదో ఒక పువ్వు గుర్తు మాత్రమే వేయాలి. రాసేవారు తెర వెనక, దిద్దేవారు తెర ముందు. దిద్దేది పోలనే. ఎవరు రాశారో అతనికీ తెలియదు. ఇంతకన్నా న్యాయమైన పరీక్ష ఎక్కడైనా ఉంటుందా?

మొదటి ఏడు నలుమూలల నుంచీ జనం చద్దిమూటలు కట్టుకుని వచ్చారు. పరీక్ష అయింది. తెర తీశారు. నెగ్గినవాళ్ళంతా రాజవీధివాళ్ళే.

"పోనీలెండి మహారాజా. రాజవీధివాళ్ళలోనైనా పని తెలిసినవాళ్ళు వచ్చారు, తెలియనివాళ్ళు ఇంట్లో కూర్చున్నారు" అన్నాడు పోలన. అదీ నిజమే. ఆ ఏడు కరకట్ట తెగలేదు.

రెండో ఏడు బయటి ఊళ్ళనుంచి కొద్దిమందే వచ్చారు. నెగ్గినవాళ్ళు మళ్ళీ రాజవీధివాళ్ళే.

మూడో ఏడు బయటి ఊళ్ళనుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకోసం పరిచిన చాపలు పరిచినట్టే ఉన్నాయి.

మర్నాడు కొలువులో వీరబాహుడు లేచాడు. రాజవీధికంతటికీ పెద్ద, ముసలి సేనాపతి. మాట కటువేగాని అబద్ధం చెప్పడు.

"మహారాజా, పుట్టుక చూడొద్దన్నారు, చూడలేదు. కళ్ళకు గంతలు కట్టుకుని మరీ ఏరారు. అయినా మావాళ్ళే నిలిచారు. దీని అర్థం ఏమిటి? తెలివి మా రక్తంలో ఉంది. ఆ మాట మేమంటే పొగరన్నారు. ఇప్పుడు మంత్రిగారి పరీక్షే అంటోంది."

పోలన ముఖం మాడిపోయింది. వీరబాహుడి మాట అబద్ధమని అతనికి తెలుసు. కాని దాన్ని నిజమని చూపించింది తన పరీక్షే.

అప్పుడు సాలెవాడ పెద్ద కాటమయ్య లేచాడు. "మహారాజా, పుట్టుకా వద్దు, పరీక్షా వద్దు. మనుషులంతా సమానమే కదా. ఊళ్ళో అందరి పేర్లూ చీటీల మీద రాసి కుండలో వేయండి. ఎవరి చీటీ వస్తే వారికి పదవి. చీటీకి వీధి తెలియదు, కులం తెలియదు."

రాజుకు ఆ మాట కొత్తగా ఉంది. ఏనుగులశాల పదవి ఖాళీగా ఉంటే, అక్కడికక్కడే చీటీలు వేయించాడు. ఒక కంసాలి పేరు వచ్చింది. అతన్ని తీసుకొచ్చి పట్టపుటేనుగు ముందు నిలబెట్టారు. ఏనుగు ఒక్కసారి చెవులు ఆడించింది. కంసాలి స్తంభం వెనక్కు చేరి, "అయ్యా, నన్ను ఇంటికి పంపండి. నాకు సన్నపని తప్ప ఇంత పెద్ద పని రాదు" అని ఏడ్చాడు.

కొలువంతా నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు.

"పుట్టుకను నమ్మితే కట్ట తెగింది. చీటీని నమ్మితే ఏనుగు దగ్గరికి వెళ్ళేవాడు లేడు. పోలనా, నీ పరీక్షను నమ్ముదామంటే నాకొక సందేహం. నా రాజ్యంలో తెలివి ఒక్క వీధిలోనే ఎందుకు పుడుతోంది? దసరాలోగా తెలుసుకుని రా. తెలియకపోతే పాత పద్ధతే మళ్ళీ పెడతాను. దానికైనా కనీసం అలవాటు పడ్డాం."

పోలన పల్లకి ఎక్కాడు. అతనికి కోపంగా ఉంది. వీరబాహుడి మీద కాదు. రానివాళ్ళ మీద. 'నేను తలుపు తీసి పెట్టాను. లోపలికి రావడానికి వీళ్ళకు బద్ధకం' అనుకున్నాడు.

మొదట గొల్లల కొండకు వెళ్ళాడు. మందలు కాస్తున్న ఒక పెద్దాయనను పిలిచి, "పరీక్షకు ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

"వచ్చాం దొరా, మొదటి ఏడు. దండోరాలో పోటీ అన్నారు కదా అని పొట్టేళ్ళను కూడా తోలుకొచ్చాం. తీరా చేతికి గంటం ఇచ్చారు. దాన్ని ఏ కొసన పట్టుకోవాలో మావాళ్ళకు తెలియలేదు."

"నేర్చుకోవచ్చు కదా?"

"ఎవరి దగ్గర దొరా?"

పోలన చుట్టూ చూశాడు. రాళ్ళు, తుప్పలు, గొర్రెలు. "పట్టుదల ఉంటే గురువు తానే దొరుకుతాడు. నాకు దొరకలేదా?" అన్నాడు.

"మీరు గొప్పోరు దొరా" అని పెద్దాయన గొర్రెల వెనక వెళ్ళిపోయాడు.

తరువాత సాలెవాడకు వెళ్ళాడు. అక్కడ పంతులు లేకపోలేదు. మగ్గం దగ్గర ఒక తల్లి కూర్చుని ఉంది. పక్కనే ఆమె పిల్లలు నూలు కండెలు చుడుతున్నారు.

"పిల్లల్ని బడికి ఎందుకు పంపవు?" అని అడిగాడు పోలన.

"పంపాను బాబూ. కండెలు చుట్టేవాళ్ళు లేక మగ్గం ఆగింది. మగ్గం ఆగితే పొయ్యి ఆగింది. మళ్ళీ పిలిపించుకున్నాను."

"నేను ఆకలితోనే చదివాను."

ఆమె నేసే నాడె ఆపి తలెత్తింది. "మీరు చదువుకునేటప్పుడు ఇంట్లో మిగతావాళ్ళు కూడా పస్తున్నారా బాబూ?" అని అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకుందామని.

ఆ ప్రశ్న పోలనకు నచ్చలేదు. వెంటనే పల్లకి ఎక్కాడు.

ఇక మిగిలింది సముద్రపు ఒడ్డు. అక్కడ అతని అక్క నూకాలు ఉంది. భర్త పోయాక కూతురు పైడితో కలిసి తండ్రి వదిలిన ఉప్పుమడులే చేసుకుంటోంది.

పోలన వెళ్ళేసరికి ఎండ నడినెత్తిన ఉంది. తల్లీకూతుళ్ళిద్దరూ కాలువకు అటొకరు ఇటొకరు నిలబడి, గూడబుట్ట తాళ్ళు పట్టుకుని ఉప్పునీళ్ళు మడిలోకి తోడుతున్నారు. ఒకరు వంగితే ఇంకొకరు వంగాలి. ఒకరు లేస్తే ఇంకొకరు లేవాలి.

"అక్కా!" అని పిలిచాడు.

"వచ్చావా తమ్ముడూ? కాసేపు నిలబడు. ఈ మడి నిండకుండా వదిలితే అంచులు పగులుతాయి" అంది నూకాలు, తాడు వదలకుండానే.

మేఘవరం మంత్రి ఎండలో నిలబడ్డాడు. అతన్ని ఎవరైనా నిలబెట్టి చాలా ఏళ్ళయింది.

మడి నిండాక పాకలో కూర్చున్నారు. నూకాలు అంబలి పోసి, ఎండుచేప కాల్చి పెట్టింది. పోలన తింటూ అడిగాడు. "పైడిని పరీక్షకు పంపలేదేం అక్కా?"

"దానికి అక్షరాలు రావు కదరా."

"నేర్పించాల్సింది."

"ఎవరు నేర్పుతారు? అప్పుడంటే నీకు చదువు చెప్పిన పంతులుగారికి ఉబ్బసం కాబట్టి, సముద్రపు గాలి కోసం మన ఒడ్డుకు వచ్చి ఉన్నారు. ఆయన పోయాక అక్షరం తెలిసినవాడు ఈ దారి తొక్కలేదు."

"అయినా అక్కా, నేను ఇదే ఒడ్డున కదా పుట్టాను? ఇదే ఎండలో కదా పెరిగాను? నాకు ఎవరేమిచ్చారు?"

నూకాలు ముందు నవ్వింది. తమ్ముడు హాస్యమాడుతున్నాడనుకుంది. తరువాత అతని ముఖంలోకి చూసి నవ్వు ఆపేసింది.

"నీకు నిజంగా గుర్తులేదా?"

"ఏమిటి?"

"పంతులుగారు నిన్నొక్కడినే పిలవలేదు. ఇద్దరినీ పిలిచారు. కొన్నాళ్ళు ఇద్దరం వెళ్ళాం. అక్షరాలు ముందు నాకే వచ్చాయి. నువ్వు బండి ర దగ్గర ఏడుస్తూ కూర్చునేవాడివి."

"తరువాత?"

"తరువాత నాన్న అన్నాడు, గూడకు అటొకరు ఇటొకరు ఉండాలి, ఇద్దరూ పోతే మడి ఎండిపోతుంది, ఒకరినే పంపగలను అని. నిన్ను పంపాడు."

"నాకు తెలివి ఉందని..."

"కాదురా తమ్ముడూ. గూడ తాడు నీ చేతికి నిలిచేది కాదు. సగం నీళ్ళు నాన్న మీదే పోసేవాడివి. పనికి రానివాణ్ణి చదువుకు పంపి, పనికొచ్చేదాన్ని దగ్గర ఉంచుకున్నాడు. నీ వైపు తాడు నేను పట్టుకున్నాను. నువ్వు వెళ్ళి చదువుకున్నావు."

పోలన తింటున్నది పక్కన పెట్టాడు.

"నీకు కోపం రాలేదా అక్కా?"

"రాకేం? నువ్వు సాయంత్రం పాఠం వల్లెవేస్తుంటే చెవులు మూసుకునేదాన్ని. తరువాత పెళ్ళి, పిల్ల, ఈ మడులు. కోపానికి తీరిక లేకపోయింది. ఇప్పుడు నువ్వు పల్లకి దిగి 'ఎవరేమిచ్చారు' అంటుంటే మళ్ళీ వచ్చింది."

అప్పటిదాకా మూల కూర్చుని వింటున్న పైడి మెల్లగా అడిగింది. "మామా, నేనిప్పుడు నేర్చుకోకూడదా?"

పోలన లేచి ఒడ్డు వెంబడి నడిచాడు. తన కథను మొదటినుంచి మళ్ళీ చెప్పుకున్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పొయ్యి వెలుగు నిజం. నడక నిజం. కష్టం నిజం. కాకపోతే ఆ కథలో ఒక్కడే మనిషి ఉన్నాడు. అదే తప్పు.

దసరాకు పోలన కొలువులో నిలబడ్డాడు.

"మహారాజా, తెలివి అన్ని ఊళ్ళలోనూ పుడుతోంది. కొండమీద దానికి గంటం పట్టడం నేర్పేవాళ్ళు లేరు. సాలెవాడలో నేర్పేవాడున్నా తీరిక లేదు. సముద్రపు ఒడ్డున రెండూ లేవు. నేను పెట్టిన పరీక్ష న్యాయమైనదే. కాని పరీక్షా మండపం దాకా దారి ఒక్క రాజవీధి నుంచే ఉంది."

"మరి పరీక్ష తీసేద్దామా?" అని ఆశగా అడిగాడు కాటమయ్య.

"తీయొద్దు. ఒక్క ప్రశ్న కూడా తేలిక చేయొద్దు. వరదకు మన మీద జాలి ఉండదు, కట్ట దగ్గర పని తెలిసినవాళ్ళే ఉండాలి. ఊరూరా బడి పెడదాం. పిల్లలు బడికి వచ్చినందుకు, ఇంట్లో ఆగిన పనికి బదులు తిండిగింజలిద్దాం."

"గింజలు ఎక్కడివి?" అన్నాడు వీరబాహుడు.

"రాజవీధి మాన్యాల నుంచి. ముందుగా నా మాన్యం నుంచి."

కొలువులో గోల లేచింది. రాజు చెయ్యెత్తి ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు.

"కొండా, సాలెవాడా, సముద్రపు ఒడ్డూ. ఈ మూడు చోట్లా బడులు పెట్టు. పిల్లలు ఎదిగేదాకా ఆగుతాను. తరువాత మూడు పరీక్షలు చూస్తాను. వాళ్ళలో ఒక్కరూ నెగ్గకపోతే వీరబాహుడి మాటే నిజమని ఒప్పుకుంటాను. పదవులు మళ్ళీ పుట్టుకను బట్టి పోతాయి, నువ్వు ఉప్పుమడికి పోతావు. సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాడు పోలన.

బడులు పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. కొండమీద పంతులు మందల వెంట తిరగలేక పారిపోయాడు. గొర్రెలంటే ఇష్టమున్న పంతులును వెతికి పంపవలసి వచ్చింది. సాలెవాడలో కొందరు తండ్రులు గింజలు తీసుకుని, పిల్లల్ని మగ్గం దగ్గరే ఉంచుకున్నారు. అప్పటినుంచి గింజలు బడిలోనే కొలిచి, సాయంత్రం పిల్లలతోనే ఇంటికి పంపారు. సముద్రపు ఒడ్డున మొదటి అక్షరాలు పోలనే దగ్గరుండి దిద్దించాడు. పైడి బడిలో అందరికన్నా పెద్దది. సిగ్గుపడుతూనే వెనక వరసలో కూర్చుంది.

ఏళ్ళు గడిచాయి. గడువు వచ్చింది.

మొదటి పరీక్షలో మూడు చోట్లనుంచీ ఒక్కరూ నెగ్గలేదు. రాజవీధి అరుగుల మీద ఆ సాయంత్రం నవ్వులే నవ్వులు.

రెండో పరీక్ష తాటాకులు దిద్దుతుండగా ఒకదాని దగ్గర పోలన చెయ్యి ఆగింది. దాని మీద గన్నేరు పువ్వు గుర్తుంది. చదువు బాగుంది, తీర్పు బాగుంది, లెక్క ఒకచోట తప్పింది. ఆ చేతిరాత అతనికి తెలుసు. ఆ అక్షరాలు దిద్దించింది అతనే. "ఇది పైడి రాత" అని పైకే అనేశాడు.

పక్కనే ఉన్న లేఖకుడు భీమన తొంగిచూశాడు. "అయ్యా, ఒక్క గీత అటు జరిపితే లెక్క సరిపోతుంది. మీ పదవి నిలుస్తుంది, బడులు నిలుస్తాయి, మేనకోడలు గట్టెక్కుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

పోలన గంటం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. గీత జరపాలనే అనిపించింది. తప్పు గింజల లెక్కలో. కరవులో ఆ లెక్క తప్పితే ఒక ఊరు పస్తుంటుంది.

"తెలియకపోవడమేం భీమనా? పైడికి తెలుస్తుంది" అన్నాడు చివరికి. "పనిలో దిగిన మొదటి వారమే తెలుస్తుంది. ఆ తరువాత ఆ ఒడ్డునుంచి నిజంగా నెగ్గి వచ్చినవాళ్ళను కూడా, మంత్రి పెట్టిన భిక్షే కదా అంటారు." ఆ తాటాకును నెగ్గనివాటిలో పెట్టాడు.

ఆ ఏడూ మూడు చోట్లనుంచి ఎవరూ నెగ్గలేదు.

సంగతి తెలిసి నూకాలు రాజధానికి వచ్చింది. మంత్రిగారింటి వాకిట్లోనే నిలబడి అడిగింది. "నా కూతురి రాత నువ్వు గుర్తుపట్టలేదా?"

"పట్టాను అక్కా."

"పట్టి కూడా తోసేశావా? ఒకసారి నీకోసం నేను ఆగిపోయాను. ఇప్పుడు నీ న్యాయం కోసం నా కూతురు ఆగాలా?"

"అక్కా, దానికి ఇవ్వాల్సిన బడి నేను ఇవ్వకపోతే నన్ను తిట్టు. ఎన్ని తిట్లైనా పడతాను. రాని లెక్కను వచ్చినట్టు చూపించమని మాత్రం అడగకు."

నూకాలు ఇంట్లోకి రాలేదు. మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగి వెళ్ళిపోయింది. పోలన వీధి మలుపు దాకా ఆమెను చూస్తూ నిలబడ్డాడు.

చివరి పరీక్ష వచ్చింది. తాటాకులు దిద్దడం అయ్యాక కొలువులోనే తెర తీశారు. అన్నిటికన్నా పైన తుమ్మిపువ్వు గుర్తున్న తాటాకు ఉంది.

"తుమ్మిపువ్వు ఎవరిది?" అని అడిగాడు రాజు.

"నాది" అని ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. పేరు సింహాలు. సముద్రపు ఒడ్డున చేపలెండబెట్టే రాములమ్మ కూతురు. ఆమె తరువాత గొల్లల కొండ కుర్రవాడు ఒకడు నెగ్గాడు. వీరబాహుడి మనవడు కూడా నెగ్గాడు. పైడి నెగ్గలేదు.

వీరబాహుడు లేచాడు. "నాకు నమ్మకం లేదు. ఈ పిల్లను అందరి ముందూ నేను ఒక ప్రశ్న అడుగుతాను."

"అడగండి తాతగారూ" అంది సింహాలు, రాజు అనుమతి ఇచ్చేలోపే.

"నీలవేణికి వరద వచ్చింది. కట్ట నిలవాలంటే ఒక వైపు గండి కొట్టక తప్పదు. ఒక వైపు రాజవీధివాళ్ళ మాన్యాలు, మరో వైపు మీ ఉప్పుమడులు. ఎటు కొడతావు?"

కొలువులో అందరూ ముందుకు వంగారు. మాన్యాలవైపంటే సొంతవాళ్ళ పక్షం. మడులవైపంటే ముఖస్తుతి.

సింహాలు ముసలాయన వైపు తిరిగింది. "ఏ వైపు మనుషులున్నారు తాతగారూ?" అని అడిగింది.

"నువ్వే అనుకో."

"అయితే ఏ వైపు మనుషులు లేరో ఆ వైపు. రెండు వైపులా ఉంటే, ఏ వైపువాళ్ళను తొందరగా గట్టెక్కించగలమో ఆ వైపు, ముందు వాళ్ళను గట్టెక్కించాక. మా మడులవైపైనా సరే, మీ మాన్యాలవైపైనా సరే. మడి మళ్ళీ కట్టుకోవచ్చు, పొలం మళ్ళీ దున్నుకోవచ్చు."

వీరబాహుడు ఆ పిల్లవంక చూశాడు. ఎన్నో యుద్ధాలు చేసినవాడు. మంచి జవాబు వింటే అతనికి తెలుస్తుంది.

"సరైన జవాబు" అని కూర్చున్నాడు.

రాజు మాట నిలబెట్టుకున్నాడు. సింహాలుకు కరకట్ట పదవి ఇచ్చాడు. బడులు మూడు చోట్లనుంచి మిగతా ఊళ్ళకూ పాకాయి. మేఘవరంలో అందరూ ఒక్కసారిగా సమానమైపోయారా అంటే, లేదు. పరీక్ష తప్పినవాళ్ళు చాలామంది మళ్ళీ మడికీ, మగ్గానికీ, మందకూ పోయారు. కాకపోతే వర్తకుడు తూకం చెబితే ఇప్పుడు వాళ్ళు కూడా ఒకసారి లెక్క చూసుకునేవారు.

పోలన అక్క ఇంటికి వెళ్ళాడు. తిడుతుందనుకున్నాడు. నూకాలు అంబలి పోసి ముందుపెట్టింది.

"ఆ రాములమ్మ కూతురికి లెక్కలు ఎవరు చెప్పారో తెలుసా?" అంది.

"ఎవరు?"

"మన పైడే. తనకు రాని చోట ఆ పిల్లను అడిగేది, ఆ పిల్లకు రాని చోట చెప్పేది." ఇంకాస్త అంబలి పోసి, "నా కూతురు నెగ్గి ఉంటే బాగుండేది. ఆ బాధ నాకు పోదు. కాని నువ్వు ఆ లెక్క సరిచేసి ఉంటే, ఆ సింహాలును చూసి కూడా జనం నవ్వేవాళ్ళు. ఆ మాట పైడే నాకు చెప్పింది" అంది.

పైడి ఆ ఏడే సముద్రపు ఒడ్డు బడిలో పంతులమ్మ అయింది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ముసలి వీరబాహుడు కర్ర పట్టుకుని పోలన వాకిట్లోకి వచ్చాడు. పోలన ఎదురెళ్ళి కూర్చోబెట్టాడు.

"మా గుర్రాలశాలలో పనివాళ్ళ పిల్లలున్నారు. ఊరికే తిరిగి చెడిపోతున్నారు. వాళ్ళకు చదువు చెప్పడానికి ఎవరినైనా పంపించు. గింజలు నా ఇంటినుంచే ఇస్తాను" అన్నాడు.

పోలన ఆశ్చర్యపోయాడు. "సేనాపతీ, ఆలోచించే అడుగుతున్నారా? రేపు ఆ పిల్లల్లో ఎవరైనా మీ మునిమనవణ్ణి ఓడిస్తే?"

"ఓడించనీ" అన్నాడు వీరబాహుడు. "నా మనవడు పోయినసారి నెగ్గాడు కదా. ఇంటికి వచ్చి ఏమన్నాడో తెలుసా? 'తాతా, ఈసారే నేను నిజంగా నెగ్గాను' అన్నాడు. అంతకుముందు మేమంతా నెగ్గిందేమిటో, ఎవరిమీద నెగ్గామో నాకే తెలియలేదు."

పోటీ అందరికీ ఒకటే అయితే చాలదు. పోటీదాకా వచ్చే దారి కూడా అందరికీ ఉన్నప్పుడే, గెలిచినవాడి గెలుపు గెలుపవుతుంది.